కరిగించే వేడిలో కరగని రెక్కలు

ఆకాశంలో విమానం చప్పుడు వినబడగానే తలయెత్తి చూడనివారు మీలో ఎవరూ వుండరు. అది కనుమరుగయ్యేదాకా చూస్తాం. ఆపైన మళ్ళీ మన పనిలో పడిపోతాం. ఈసారి విమానం కనబడినప్పుడు దాని ఇంజన్లను ఒక్కసారి తలచుకోండి. ఆ ఇంజను లోపల, మన కంటికి అందని చోట, అరచేతిలో పట్టే లోహపు రెక్కలు ఒక చక్రం చుట్టూ వరుసగా అమర్చి వుంటాయి. మన ఇంట్లో ఫ్యాను రెక్కల్లాగానే అవీ తిరుగుతాయి. అయితే ఫ్యాను రెక్కకు తగిలేది గదిలోని గాలి. వీటికి తగిలేది 1500 డిగ్రీల సెంటీగ్రేడు దాటిన అగ్నివాయువు.

ఇప్పుడొక చిక్కు ప్రశ్న. ఆ రెక్కలు చేసిన లోహం సుమారు 1350 డిగ్రీల దగ్గర కరగడం మొదలుపెడుతుంది. అంటే, తనను కరిగించగల వాయువు నడుమ ఆ లోహం కరగకుండా నిలబడాలి. ఊరికే నిలబడితే చాలదు. నిమిషానికి పదివేల చుట్ల వంటి వేగంతో తిరుగుతూ నిలబడాలి. ఒక పూటా రెండు పూటలా కాదు, వేల గంటలు నిలబడాలి. అది విరిగితే ఇంజను పాడవుతుంది. ఇంజను పాడైతే విమానంలో కూర్చున్న వందలమంది ప్రాణాలు ప్రమాదంలో పడతాయి.

వెన్నముద్దను పొయ్యి మీద పెట్టి, కరగకుండా చూడమన్నట్టుంది కదూ! ఈ పనిని మనిషి ఎట్లా సాధించాడో మెట్టు మెట్టుగా తెలుసుకుందాం. ఇకమీదట ఈ వ్యాసంలో రెక్క అంటే విమానపు రెక్క కాదు, ఇంజను లోపలి టర్బైను రెక్క అని గుర్తుంచుకోండి.

గాస్ టర్బైను పనిచేసే తీరు

సైకిలు చక్రానికి గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగాన్ని ముట్టుకొని చూశారా? వేడిగా వుంటుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుందన్నమాట. గాస్ టర్బైనులో మొదటి భాగం చేసే పని ఇదే. దీనిని సంపీడకం అంటారు. ఇది బయటి గాలిని లోపలికి లాక్కొని గట్టిగా నొక్కుతుంది. రెండవది దహన గది. అక్కడ ఈ నొక్కిన గాలిలో ఇంధనాన్ని చల్లి మండిస్తారు. పుట్టిన వేడి వాయువు ఒక్కసారిగా వ్యాకోచించి వెనుకకు దూసుకుపోతుంది. పోయే దారిలో మూడవ భాగమైన టర్బైను రెక్కలను తోసి చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రమూ సంపీడకమూ ఒకే ఇరుసు మీద వుంటాయి. కనుక టర్బైను తిరిగితే సంపీడకం కూడా తిరిగి మరింత గాలిని లోపలికి తెస్తుంది.

గాస్ టర్బైన్లు విమానాలకే పరిమితం కాదు. గోదావరి తీరాన విజ్జేశ్వరం, జేగురుపాడు వంటి చోట్ల సహజవాయువుతో విద్యుత్తు తీయడానికి కట్టిన కేంద్రాలలో అమర్చినవి కూడా ఈ జాతి యంత్రాలే. అక్కడ టర్బైను ఇరుసుకు జనరేటరును తగిలిస్తారు, అంతే తేడా.

మరి వాయువు అంత వేడిగా ఎందుకుండాలి? తక్కువ వేడితో సరిపెట్టుకుంటే లోహానికి ఈ బాధ తప్పుతుంది కదా అని మీకు అనిపించవచ్చు. దీనికి జవాబు 1824లోనే సాదీ కార్నో అనే ఫ్రెంచి ఇంజనీరు ఇచ్చాడు. ఉష్ణయంత్రంలో వేడి కొసకూ చల్లని కొసకూ మధ్య తేడా ఎంత ఎక్కువైతే, ఇంధనం నుంచి అంత ఎక్కువ పని రాబట్టవచ్చు. చల్లని కొస 300 కెల్విన్లు, వేడి కొస 1100 కెల్విన్లు అయితే ఆదర్శ యంత్రపు సామర్థ్యం నూటికి 73. వేడి కొసను 1900 కెల్విన్లకు పెంచితే అది నూటికి 84 అవుతుంది. నిజమైన ఇంజన్లలో ఎన్నో నష్టాలుంటాయి గనుక ఇంత రాదు. అయినా వేడి పెరిగితే లాభం పెరుగుతుందన్న సూత్రం మారదు. అదే ఇంధనంతో ఎక్కువ దూరం, అదే బరువున్న ఇంజనుతో ఎక్కువ బలం! అందుకే ఇంజనీర్లు ఎప్పుడూ వేడి పెంచమంటారు. లోహశాస్త్రజ్ఞులు ఎప్పుడూ ఆ వేడికి తగిన లోహం కోసం వెతుకుతూ వుంటారు.

ఒక్క రెక్క మోసే బరువు

రెక్క మీద పడే బలం ఎంతో మనమే లెక్క వేద్దాం. రెక్క ద్రవ్యరాశి 300 గ్రాములనుకోండి. ఇరుసు నుంచి అది 40 సెంటీమీటర్ల దూరంలో వుందనుకోండి. చక్రం నిమిషానికి 10,000 చుట్లు తిరుగుతోందనుకోండి. సెకనుకు 167 చుట్లు. అంటే కోణీయ వేగం సెకనుకు సుమారు 1047 రేడియన్లు. ద్రవ్యరాశిని కోణీయ వేగపు వర్గంతోనూ వ్యాసార్థంతోనూ గుణిస్తే బలం వస్తుంది. 0.3 × 1047 × 1047 × 0.4; సుమారు 1,31,500 న్యూటన్లు. దీన్ని 9.8తో భాగించి చూడండి. పదమూడు టన్నులకు పైగా వస్తుంది!

అంటే పావుకిలో కన్నా కాస్త ఎక్కువున్న ఆ చిన్న రెక్కను, మూడు ఏనుగులు వేలాడుతున్నంత బలం బయటికి లాగుతూ వుంటుంది. అదీ లోహం ఎర్రగా కాలుతున్న స్థితిలో. కమ్మరి కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుము ఎట్లా వుంటుందో మీరు చూసేవుంటారు. సుత్తి దెబ్బకు మైనంలా వంగుతుంది. అట్లాంటి ఇనుముతో రెక్క చేస్తే ఏమవుతుందో ఊహించండి.

లోహం కూడా సాగుతుంది

బరువు వేసిన వెంటనే విరగని లోహం కూడా, వేడిలో చాలాకాలం బరువు మోస్తే కొంచెం కొంచెంగా సాగిపోతుంది. దీనిని ఇంగ్లీషులో క్రీప్ అంటారు. మనం మందసాగుడు అని చెప్పుకుందాం. టర్బైను రెక్కకు ఇదే మొదటి శత్రువు. రెక్క కొసకూ దాని చుట్టూ వుండే తొడుగుకూ మధ్య సందు చాలా సన్నంగా వుంటుంది. కాస్త సాగితే రెక్క తొడుగును రాసుకుంటుంది. ఇంకా సాగితే తెగిపోతుంది.

మందసాగుడును మీరు కళ్ళారా చూడవచ్చు. ఎలక్ట్రానిక్ సామాను బాగుచేసే దుకాణంలో దొరికే టంకం తీగను ఒక మూర తీసుకోండి. సీసం, తగరం కలిసిన రకమై వుండాలి. మందం ఒక మిల్లీమీటరు వుంటే మంచిది. దానిని మేకుకు వేలాడదీసి కింది కొసకు అరకిలో బరువు కట్టండి. తీగ పొడవు కొలిచి రాసుకోండి. ప్రతిరోజూ అదే సమయానికి మళ్ళీ కొలవండి. తేడా కనబడకపోతే బరువును కిలో దాకా పెంచండి. బరువు తరువాత పెంచకపోయినా తీగ పొడుగవుతూ పోవడం గమనిస్తారు. కొలతలను గ్రాఫు కాగితం మీద గుర్తించండి. సీసం విషపదార్థం గనుక తీగను ముట్టుకున్న ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోవడం మరువకండి. తీగ కింద పాదాలు పెట్టకండి సుమా!

అదే మందపు ఇనుప తీగతో ఈ ప్రయోగం చేస్తే ఎన్నాళ్ళు చూసినా సాగదు. ఎందుకని? ఇక్కడ ఉష్ణోగ్రతను కెల్విన్లలో చూడాలి. టంకం సుమారు 456 కెల్విన్ల దగ్గర కరగడం మొదలుపెడుతుంది. మన గది 300 కెల్విన్లు. అంటే టంకం ఇప్పటికే తన ద్రవీభవన స్థానంలో నూటికి 66 వంతుల వేడిలో వుంది. ఇనుము కరిగేది 1811 కెల్విన్ల దగ్గర. గదిలో అది నూటికి 17 వంతుల దగ్గరే వుంది. సాధారణ లోహాలు తమ ద్రవీభవన స్థానంలో సగం దాటేసరికి మందసాగుడుకు లొంగిపోతాయి. ఇది ఉజ్జాయింపు సూత్రమే అయినా చాలా పనికివస్తుంది.

నేటి టర్బైను రెక్క లోహం సుమారు 1050 డిగ్రీల సెంటీగ్రేడు, అంటే 1323 కెల్విన్ల వేడిలో పనిచేస్తుంది. అది కరగడం మొదలుపెట్టేది సుమారు 1613 కెల్విన్ల దగ్గర. భాగించి చూడండి: నూటికి 82! టంకం 66 దగ్గర అరకిలో బరువుకే సాగిపోతుంటే, ఇది 82 దగ్గర టన్నుల బరువు మోస్తూ వేల గంటలు నిలుస్తుంది. ఈ వ్యాసంలో అసలు వింత ఇదే.

టంగ్‌స్టన్‌తో చేయకూడదా?

ఈ పాఠం చెప్పినప్పుడల్లా తరగతిలో ఎవరో ఒకరు లేచి, "టంగ్‌స్టన్ 3422 డిగ్రీల దాకా కరగదు కదండీ, దానితో చేస్తే సరిపోదా?" అని అడుగుతారు. మంచి ప్రశ్న. పాతకాలపు విద్యుత్ బల్బులో తీగ టంగ్‌స్టనే. అయితే ఆ బల్బులో గాలి వుండదు. గాజు పగిలి గాలి తగిలిందంటే తీగ క్షణంలో కాలిపోతుంది. టర్బైనులోనైతే ఎటుచూసినా వేడి గాలే. పైగా టంగ్‌స్టన్ సాంద్రత ఇనుముకు రెండు రెట్లకు మించి వుంటుంది. రెక్క బరువెక్కితే దాన్ని లాగే బలం కూడా అంతే పెరుగుతుందని పై లెక్కలో చూశాం.

కనుక ద్రవీభవన స్థానం ఒక్కటే చూస్తే చాలదు. లోహం సాగకూడదు, గాలిలో కాలిపోకూడదు, మరీ బరువుగా వుండకూడదు, పెళుసుగా విరగకూడదు. ఇన్ని గుణాలు ఏ ఒక్క మూలకంలోనూ లేవు. మిశ్రమలోహమే శరణ్యం.

రోజులు కూడా నిలవని ఇంజన్లు

జెట్ ఇంజను ఆలోచనకు 1930లో బ్రిటన్‌లో ఫ్రాంక్ విటిల్ అనే యువ వైమానికాధికారి పేటెంటు కోరాడు. అతని ఇంజను 1937లో నేలమీద తొలిసారి తిరిగింది. ఈలోగా జర్మనీలో హాన్స్ ఫాన్ ఓహాయిన్ విడిగా అదే పని చేశాడు. అతని ఇంజను అమర్చిన హైంకెల్ 178 విమానం 1939 ఆగస్టు 27న ఎగిరింది. విటిల్ ఇంజనుతో గ్లోస్టర్ విమానం 1941 మే 15న ఎగిరింది.

ఎగరడమైతే ఎగిరాయి. ఎంతకాలం? 1944లో యుద్ధంలో దిగిన జర్మన్ మెసర్‌ష్మిట్ 262 విమానాన్ని చూడండి. దాని యూమో 004 ఇంజన్లు ఆనాటికి గొప్పవే. కాని యుద్ధం వల్ల జర్మనీకి నికెల్, క్రోమియం కరువయ్యాయి. దహన గదులను మామూలు ఉక్కుతో చేసి, తుప్పు పట్టకుండా అల్యూమినియం పూత పూశారు. రెక్కలను లోపల డొల్లగా చేసి చల్లగాలి పంపారు. ఎంత తెలివి చూపినా ఆ ఇంజన్లు 10 నుంచి 25 గంటలకు మించి నమ్మదగినవిగా వుండేవి కావు. ఆ తరువాత విప్పి బాగుచేయవలసిందే. ఇంజను నమూనా ఎంత గొప్పదైనా తగిన లోహం లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్న ఉదాహరణ అక్కర్లేదు.

ఇస్త్రీపెట్టె తీగ నుంచి

బ్రిటన్‌లో జవాబు ఒక చిత్రమైన చోట దొరికింది. మన ఇళ్ళలో ఇస్త్రీపెట్టెలో, కరెంటు పొయ్యిలో ఎర్రగా కాలే తీగ వుంటుంది కదా, అది నిక్రోమ్. నికెల్ 80 పాళ్ళు, క్రోమియం 20 పాళ్ళు. దీనికి అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ 1906లో పేటెంటు పొందాడు. ఆ తీగ ఏళ్ళ తరబడి గాలిలో ఎర్రగా కాలుతున్నా కాలిపోదు. అందులోని క్రోమియం గాలిలోని ఆక్సిజనుతో కలిసి తీగ మీద పలుచని, గట్టి పొరగా ఏర్పడుతుంది. ఇనుము తుప్పు పెచ్చులుగా రాలిపోతుంది; ఈ పొర రాలదు. లోపలి లోహానికి అదే కవచం.

నికెల్‌కు ఇంకొక సుగుణం వుంది. ఇనుమును వేడిచేస్తే 912 డిగ్రీల దగ్గర దాని పరమాణువుల అమరికే మారిపోతుంది. నికెల్ మాత్రం కరిగేదాకా ఒకే అమరికలో వుంటుంది. పైగా ఎన్నో ఇతర మూలకాలను తనలో కలుపుకుంటుంది. అయితే నిక్రోమ్ కాలకుండా వుండగలదే గాని బరువు మోయలేదు. 1940 ప్రాంతంలో బ్రిటన్‌లోని మాండ్ నికెల్ కంపెనీ శాస్త్రజ్ఞులు దానికి కొద్దిగా టైటానియం, అల్యూమినియం చేర్చి చూశారు. నూటికి రెండు మూడు పాళ్ళే. ఫలితంగా వచ్చిన నిమోనిక్ 80 అనే లోహం వేడిలో సాగకుండా బరువు మోసింది. బ్రిటిష్ జెట్ యుద్ధవిమానం మీటియర్ ఇంజను రెక్కలకు దానిని వాడారు. ఇట్లా మొదలైన జాతికే తరువాత సూపర్ అల్లాయ్‌లు, మహామిశ్రమలోహాలు అన్న పేరు వచ్చింది.

గట్టిదనం రహస్యం

చిటికెడు అల్యూమినియం ఇంత పని ఎట్లా చేసింది? అల్యూమినియం స్వయంగా 660 డిగ్రీలకే కరుగుతుంది కదా! రహస్యం అల్యూమినియంలో లేదు, పరమాణువుల అమరికలో వుంది.

లోహంలో పరమాణువులు బారులు తీరి వుంటాయి. లోహం సాగినప్పుడు ఒక బారు మొత్తం ఒకేసారి జరగదు. మీరు గదిలో పెద్ద జంపఖానా పరిచారనుకోండి. దాన్ని ఒక అడుగు జరపాలంటే మొత్తం లాగడం కష్టం. ఒక కొసన ముడత చేసి, ఆ ముడతను రెండో కొసకు తోసుకుంటూ పోతే సులువుగా జరుగుతుంది. లోహం లోపల కూడా ఇట్లాంటి ముడతలుంటాయి. అవి పరుగెత్తితే లోహం సాగుతుంది. కనుక లోహాన్ని గట్టిపరచడమంటే ముడతల దారికి అడ్డంకులు పెట్టడమే.

నికెల్‌లో అల్యూమినియం చేరి, తగిన విధంగా వేడిచేసి చల్లార్చితే, లోహం లోపలే అతిచిన్న ఘనాకారపు గడ్డలు పుట్టుకొస్తాయి. వీటిని గామా ప్రైమ్ అంటారు. మూడు నికెల్ పరమాణువులకు ఒక అల్యూమినియం పరమాణువు లెక్కన వుంటాయి. ఘనం మూలల్లో అల్యూమినియం, ముఖాల నడుమ నికెల్. ఎవరి చోటు వారిదే. ముడత ఈ గడ్డలోకి దూరాలంటే ఆ క్రమమంతా చెదరాలి. పరమాణువులు అందుకు తేలికగా ఒప్పుకోవు. అంతకన్నా వింత ఏమిటంటే, మామూలు లోహాలు వేడెక్కినకొద్దీ మెత్తబడతాయి. గామా ప్రైమ్ మాత్రం సుమారు 800 డిగ్రీల దాకా వేడెక్కినకొద్దీ మరింత గట్టిబడుతుంది!

నేటి రెక్కల్లో ఈ గడ్డలు పరిమాణంలో మూడింట రెండు వంతుల దాకా వుంటాయి. ఒక్కొక్కటి మిల్లీమీటరులో సుమారు రెండువేలవ వంతు. సన్నటి సున్నంతో ఇటుకలు పేర్చిన గోడలాగా కనిపిస్తాయి. సాధారణ సూక్ష్మదర్శిని వీటిని సరిగా చూపలేదు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కావలసివచ్చింది.

గాలిలేని కొలిమి

అయితే అల్యూమినియం, టైటానియం పాళ్ళు ఇంకా పెంచితే సరిపోతుంది కదా! అక్కడ చిక్కు వచ్చింది. కరిగిన లోహంలో ఇవి గాలిలోని ఆక్సిజన్, నైట్రోజన్‌లతో కలిసి మట్టి వంటి మలినాలుగా మారిపోయేవి. ఆ మలినాల దగ్గరే రెక్క పగిలేది. 1950లలో శూన్యంలో, అంటే గాలిని తోడేసిన గదిలో, విద్యుత్ ప్రేరణతో లోహాన్ని కరిగించే పద్ధతి వాడుకలోకి వచ్చింది. దానితో గామా ప్రైమ్ పాలు పెంచే వీలు కలిగింది. సీసం, బిస్మత్ వంటి చెడు మలినాలు కూడా ఆవిరై పోయాయి. పది లక్షల పాళ్ళలో ఒకటి రెండు పాళ్ళ మలినమైనా ఈ లోహాల ఆయుష్షును తగ్గిస్తుంది మరి!

సరిహద్దులు లేని లోహం

మీ ఇంట్లో జింకు పూత పూసిన కొత్త ఇనుప బక్కెట్టు వుంటే దాని ఒంటి మీద పువ్వుల్లాంటి మచ్చలు చూడండి. ఒక్కో మచ్చ ఒక్కో జింకు స్ఫటికం. కరిగిన లోహం చల్లారేటప్పుడు ఎన్నోచోట్ల స్ఫటికాలు మొలిచి, పెరిగి, ఒకదాన్నొకటి ఢీకొని ఆగిపోతాయి. ప్రతి లోహపు ముక్కా ఇట్లాంటి రేణువుల కూడికే. రేణువుకూ రేణువుకూ మధ్య సరిహద్దులో పరమాణువులు క్రమం తప్పి వుంటాయి. చల్లని లోహంలో ఈ సరిహద్దులు మేలే చేస్తాయి. ఎర్రని వేడిలో మాత్రం అక్కడే జారుడు మొదలవుతుంది, అక్కడే పగుళ్ళు పుడతాయి.

పగుళ్ళు ఎక్కువగా పుట్టేది లాగే బలానికి అడ్డంగా వున్న సరిహద్దుల్లో. అయితే అడ్డ సరిహద్దులే లేకుండా పోతపోస్తే? అమెరికాలోని ప్రాట్ అండ్ విట్నీ సంస్థలో ఫ్రాంక్ వర్‌స్నైడర్, ఆయన సహచరులు 1960లలో ఈ పని సాధించారు. అచ్చు అడుగున నీటితో చల్లబరచే రాగి పలక పెట్టి, అచ్చును కొలిమి లోపల నుంచి మెల్లగా, నిమిషానికి కొద్ది మిల్లీమీటర్ల చొప్పున కిందికి దించారు. లోహం కింది నుంచి పైకి గడ్డకట్టింది. స్ఫటికాలు చెరుకుగడల్లా నిలువుగా పెరిగాయి. అడ్డ సరిహద్దులు మాయమయ్యాయి.

తరువాతి అడుగు ఇంకా అందమైనది. అచ్చు అడుగున మెలికలు తిరిగిన సన్నని గొట్టం పెట్టారు. కింద ఎన్నో స్ఫటికాలు మొలిచినా ఆ మెలికల దారిలో పోటీపడి ఒక్కటే పైకి చేరుతుంది. ఆ ఒక్కటే పెరిగి రెక్క మొత్తాన్ని నింపుతుంది. అంటే రెక్క అంతా ఒకే ఒక స్ఫటికం! సరిహద్దు అన్నదే లేదు. సరిహద్దులను గట్టిపరచేందుకు కలిపే బోరాన్, కార్బన్ వంటివి ద్రవీభవన స్థానాన్ని దించేవి. ఇప్పుడు వాటి అవసరమూ చాలావరకు తగ్గింది. 1980ల మొదట్లో ఏకస్ఫటిక రెక్కలు ప్రయాణికుల విమానాల్లోకి వచ్చాయి. ఆ తరువాత 1925లో కనుగొన్న రీనియం అనే అరుదైన మూలకాన్ని నూటికి మూడు పాళ్ళు కలిపారు. బరువైన ఆ పరమాణువులు వేడిలో కూడా చోటు వదిలి తేలికగా కదలవు. అందువల్ల మందసాగుడు ఇంకా తగ్గింది.

మైనపు బొమ్మ, నీటి చుక్క

ఈ రెక్కలను పోతపోసే పద్ధతి మనకు కొత్త కాదు. పంచలోహ విగ్రహాలు పోసేవారు, ఆదిలాబాద్ ప్రాంతపు ఓజా కళాకారులు మొదట మైనంతో బొమ్మ చేస్తారు. దానికి మట్టి మెత్తి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలో కరిగిన లోహం పోస్తారు. టర్బైను రెక్కకూ ఇదే పద్ధతి. మట్టికి బదులు పింగాణీ జాతి పదార్థం వాడతారు. మైనపు రెక్క లోపల ముందుగానే సన్నని పింగాణీ పుల్లల చట్రం పెడతారు. లోహం గడ్డకట్టాక గాఢ క్షారంలో ఆ పింగాణీని కరిగించేస్తారు. రెక్క లోపల మెలికల దారులు మిగులుతాయి.

ఇక మన చిక్కు ప్రశ్నకు జవాబు దగ్గరపడింది. సంపీడకం నుంచి కొంత గాలిని ఆ దారుల్లోకి పంపుతారు. అది కూడా 600 డిగ్రీల పైమాటే కావచ్చు. అయినా రెక్కకు చల్లనిదే! లోపల వేడిని గ్రహించి, రెక్క ఒంటినిండా వున్న సన్నని రంధ్రాల గుండా బయటికి వచ్చి పలుచని తెరలా కప్పుకుంటుంది. బాగా కాలిన పెనం మీద నీటి చుక్క వేస్తే వెంటనే ఆవిరి కాకుండా గుండ్రంగా దొర్లుతుంది కదా? దాని కింద ఏర్పడిన ఆవిరి పొర వేడిని ఆపుతుంది. ఇక్కడ గాలి తెర అట్లాంటి పని చేస్తుంది. దానిపైన జిర్కోనియం ఆక్సైడు పూత వుంటుంది. మిల్లీమీటరులో పదో వంతు నుంచి మూడు పదో వంతుల మందమే అయినా, లోహాన్ని వంద డిగ్రీలకు పైగా చల్లగా వుంచగలదు.

వాయువు 1500 దాటినా లోహం 1050 దగ్గరే వుండడానికి కారణం ఇదన్నమాట. అగ్ని నుంచి గాలి తెర, పూత కాపాడతాయి. మిగిలిన వేడిలో బరువు మోసే పని లోహానిది.

మన కంచన్‌బాగ్‌లో

ఈ విద్య ఏ దేశమూ మరొక దేశానికి ఊరికే నేర్పదు. మన తేలికపాటి యుద్ధవిమానం తేజస్ 2001 జనవరి 4న తొలిసారి ఎగిరినప్పుడు అందులో వున్నది అమెరికా ఇంజను. దాని కోసం తలపెట్టిన కావేరి ఇంజను అనుకున్న స్థాయికి చేరలేదు. 2008లో దానిని తేజస్ నుంచి విడదీశారు. ఎదురైన కష్టాలలో వేడిని తట్టుకొనే రెక్కల విద్య ఒకటి.

అయితే ప్రయత్నం ఆగలేదు. హైదరాబాదులోని కంచన్‌బాగ్‌లో రెండు సంస్థలున్నాయి. ఒకటి 1963లో ఏర్పడిన రక్షణ లోహపరిశోధన ప్రయోగశాల. రెండవది 1973లో ఏర్పడిన మిశ్ర ధాతు నిగమ్, అందరూ మిధాని అనేది. మహామిశ్రమలోహాలు, టైటానియం లోహాలు, ప్రత్యేకమైన ఉక్కులు మిధానిలో తయారవుతాయి. ప్రయోగశాల వారు నిలువు స్ఫటికాల రెక్కలను కావేరి కోసం పోశారు. తరువాత ఏకస్ఫటిక రెక్కల విద్యను సాధించారు. 2021 ఏప్రిల్‌లో హెలికాప్టరు ఇంజను కోసం అట్లాంటి 60 రెక్కలను హిందుస్తాన్ ఏరోనాటిక్స్ సంస్థకు అందించారు. వేళ్ళ మీద లెక్కపెట్టగల దేశాలకే తెలిసిన పని ఇది. అరచేతిలో పట్టే రెక్క కోసం ఇన్నేళ్ళా అని అనుకోవద్దు. కూర్పు కాగితం మీద రాసుకోవడం సులువు. మలినం లేకుండా కరిగించడం, ఒక్క స్ఫటికాన్నే పెరగనివ్వడం, ప్రతి రెక్కనూ ఎక్స్-రే కిరణాలతో పరీక్షించి లోపమున్నదాన్ని పక్కన పెట్టడం కష్టం. ఆ పక్కన పెట్టడంలోనే ప్రయాణికుల క్షేమం వుంది.

ఈ కథలో గమనించవలసిన విషయం ఒకటి. దేనికీ లొంగని లోహం ఎక్కడో గనిలో దొరకలేదు. నికెల్, క్రోమియం, అల్యూమినియం అందరికీ తెలిసినవే. మనిషి చేసినదల్లా లోహం ఎక్కడ ఓడిపోతున్నదో ఓపికగా చూడడం, ఆ ఒక్క బలహీనతను తొలగించడం, మళ్ళీ చూడడం. సాగుతుంటే గామా ప్రైమ్‌ను అడ్డుపెట్టాడు. మలినాల దగ్గర పగిలితే గాలిని తొలగించాడు. సరిహద్దుల్లో విరిగితే సరిహద్దులనే తీసివేశాడు. ఈ పని ఇంకా పూర్తి కాలేదు. 2016 నుంచి ప్రయాణికుల విమానాల్లో తిరుగుతున్న లీప్ ఇంజన్లలో కొన్ని వేడి భాగాలను సిలికాన్ కార్బైడు నారలతో చేస్తున్నారు. వాటి బరువు లోహంలో మూడో వంతే. రేపు ఇంకొక మెట్టు ఎక్కేవారు మీలో ఎవరైనా కావచ్చు.

ఆలోచించండి

1. పై లెక్కలో రెక్కను సగం బరువున్న పదార్థంతో చేస్తే లాగే బలం ఎంతవుతుంది? చక్రం వేగాన్ని రెట్టింపు చేస్తే ఎంతవుతుంది?

2. సీసం 327 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర కరుగుతుంది. 27 డిగ్రీల గదిలో అది తన ద్రవీభవన స్థానంలో ఎన్నో వంతు వేడిలో వుంది? పాత కట్టడాల మీద వేసిన సీసపు రేకులు ఏళ్ళు గడిచేకొద్దీ ఎందుకు కిందికి జారతాయి?

3. రేణువుల సరిహద్దులు చల్లని లోహానికి మేలు చేస్తాయని చెప్పుకున్నాం. జంపఖానా ముడతను గుర్తు తెచ్చుకొని, ఎందుకో మీ మాటల్లో రాయండి.